వాన కొలత, తడి కొలత



ఎవరి స్మృతిలో ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆయనను ఈ అరకులోయలో పేరుపెట్టి పిలిచినవారు తక్కువ. మాస్టారు అంటే చాలు, ఎవరో అందరికీ తెలిసేది. జీవశాస్త్రం చెప్పడానికి కొండ ఎక్కి వచ్చినవారు బదిలీ కోరకుండా ఇక్కడే ఉండిపోయారు. బడి ఆవరణలో వానకొలత పాత్ర పెట్టించి, రోజూ పొద్దున్నే పిల్లల చేత లెక్క రాయించేవారు. ఆ పుస్తకాలను చూసే భాగ్యం నాకు కలిగింది. వాన ఎన్ని మిల్లీమీటర్లో రాసిన గడి పక్కన ఆయన ఇంకొక గడి గీయించారు: కాఫీ ఆకులు ఎన్ని గంటలకు ఆరాయి? కొన్నిచోట్ల ‘ఎనిమిదికి’ అని, కొన్నిచోట్ల ‘పదిన్నర దాటింది’ అని పిల్లల చేతిరాత. ఈనాటి నా ప్రసంగమంతా ఆ రెండో గడిని గురించే.

నేను మీ ముందు ఉంచదలచిన మాట ఒక్కటే. వానను కొలవడం మనకు బాగా తెలుసు. తడిని కొలవడం ఇంకా అలవాటు కాలేదు. కొండ మీది పంటకు మేలైనా కీడైనా జరిగేది ఎంత వాన పడిందన్న దాని మీద కంటే, పడిన నీటిబొట్టు ఆకు మీద ఎలా కూర్చుంది, ఎంతసేపు కూర్చుంది అన్న దాని మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. ఆ కూర్చునే తీరు ఊహకు వదిలేయవలసినది కాదు. సూక్ష్మదర్శిని కింద కొలిచి అంకెల్లో చెప్పగలిగినది.

వాన కొలత మనకు ప్రాచీనమైన విద్య. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో కోష్ఠాగారం దగ్గర మూర వెడల్పు మూతి ఉన్న పాత్ర పెట్టి వర్షాన్ని కొలవాలన్న విధి ఉంది. ధాన్యాగారం పక్కనే వానపాత్ర పెట్టమనడంలోనే ఆ రాజ్యం ఆలోచన తెలుస్తుంది: వాన తెలిస్తే పంట తెలుస్తుంది, పంట తెలిస్తే పన్ను తెలుస్తుంది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. నేడు మండల కేంద్రంలో ఎంత వాన పడిందో మర్నాటికల్లా పత్రికలో చదువుకుంటున్నాం. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు నేలకు లీటరు నీరు. చెరువుకు, జలాశయానికి, వరి మడికి ఆ లెక్క సరిపోతుంది.

ఆకుకు సరిపోదు. రెండు రాత్రుల్ని ఊహించండి. మొదటి రాత్రి గాలివాన, పాత్రలో 40 మిల్లీమీటర్లు. తెల్లవారుజామునే మబ్బు విడిపోయి ఎండ కాసి, ఏడున్నరకల్లా తోట ఆరిపోయింది. రెండో రాత్రి వాన చుక్క లేదు. గాలికొండ మీద నుంచి మంచు దిగి సిల్వర్ ఓక్ చెట్ల మధ్య నిలిచిపోయింది; పొద్దున పదింటికి కూడా ఆకు అడుగున తడి. పాత్ర మొదటి రాత్రికి నలభై అంటుంది, రెండో రాత్రికి సున్నా అంటుంది. కాఫీ ఆకు మీద తుప్పు తెగులు బీజాన్ని అడగగలిగితే, తనకు ఎక్కువగా అక్కరకొచ్చింది ఆ సున్నా రాత్రే అంటుంది.

బొట్టు గతి అది వాలిన చోటును బట్టి మారుతుందన్న సంగతి మన సాహిత్యానికి కొత్త కాదు. భర్తృహరి నీతిశతకంలోని ఒక శ్లోకాన్ని, ఏనుగు లక్ష్మణకవి తెలుగులోకి తెచ్చిన ఆ పద్యాన్ని, మనలో చాలామంది బడిలోనే కంఠస్థం చేశాం. ఒకే నీటిబొట్టు కాలిన ఇనుము మీద పడితే రూపుమాసిపోతుంది, తామరాకు మీద ముత్యంలా నిలుస్తుంది, ముత్యపుచిప్పలో పడితే ముత్యమే అవుతుంది. కవి చెప్పదలచుకున్నది సహవాసాన్ని గురించి. నేను భౌతికశాస్త్రం చదివినవాణ్ని కాబట్టి ఆ పద్యంలో ఒక ప్రయోగం కూడా కనిపిస్తుంది. బొట్టును మార్చకుండా, అది వాలిన తలాన్ని మాత్రమే మార్చి చూశాడాయన. తడి అనేది నీటి గుణం ఒక్కటే కాదు, నీటికీ దానికి చోటిచ్చిన తలానికీ మధ్య కుదిరే ఒప్పందం. ఆ ఒప్పందానికి గణితం రాయడానికి మాత్రం 1805 దాకా ఆగవలసి వచ్చింది.

ఆ ఏడాది ఇంగ్లండులో థామస్ యంగ్ ద్రవాల సంసక్తి మీద ఒక వ్యాసం ప్రచురించాడు. వృత్తి రీత్యా వైద్యుడు. కాంతి తరంగమని జంట చీలికలతో చూపినవాడు కూడా ఆయనే. ఆ వ్యాసంలో ఈ విషయానికి ఒక్క సమీకరణమైనా రాయలేదు, అంతా మాటల్లోనే చెప్పాడు. ఘనతలం మీద బొట్టు కూర్చున్నప్పుడు దాని అంచున మూడు పదార్థాలు కలుస్తాయి: కింద ఆకు, పైన గాలి, లోపల నీరు. ఏ రెండు పదార్థాలు కలిసే చోటనైనా ఒక బిగువు ఉంటుంది. మూడు బిగువులూ అంచు దగ్గర ఒకదాన్నొకటి లాగి సరితూగిన చోట బొట్టు ఆగుతుంది. అప్పుడు నీటి అంచు ఆకుతో చేసే కోణమే స్పర్శకోణం. అదే కాలంలో ఫ్రాన్సులో లాప్లాస్ బొట్టు వంపుకూ లోపలి పీడనానికీ సంబంధాన్ని సూత్రీకరించాడు. ఈ ఇద్దరూ వేసిన పునాది మీదే ఈ శాస్త్రం నేటికీ నిలిచి ఉంది.

కోణం తొంభై డిగ్రీల లోపు ఉంటే నీరు తలాన్ని ఇష్టపడినట్టు, బొట్టు పరుచుకుంటుంది. తొంభై దాటితే దూరం జరిగినట్టు. బొట్టు గుండ్రంగా లేస్తుంది. నూట యాభై దాటితే దొర్లిపోతుంది. శుభ్రమైన గాజు మీద కోణం సున్నాకు దగ్గర. తామరాకు మీద సుమారు నూట అరవై.

ఇక కొలత ఎలాగో దగ్గరగా చూపిస్తాను. విద్యార్థులు కాస్త శ్రద్ధగా వినండి. కాఫీ చెట్టు నుంచి ఆకును తెంపి, మధ్య ఈనెకు పక్కన ఉన్న చదునైన చోట సన్నని పట్టీ కోయండి. వేలు తగిలిన చోట ఆకు మీది మైనం చెదురుతుంది కనుక అంచులే పట్టుకోవాలి. పట్టీని గాజుపలక మీద రెండు కొసలా బిగించి, పడుకోబెట్టిన సూక్ష్మదర్శిని ముందు పెట్టాలి. వెనుక నుంచి పల్చని తెల్లకాగితం మీదుగా వెలుతురు రావాలి. సన్నని సూది సిరంజితో చిన్న బొట్టు దించాలి. అప్పుడు కటకంలో తెల్లని వెలుగు ముందు నల్లని గుమ్మటంలా బొట్టు కనిపిస్తుంది. ఆకు నిగనిగలాడుతుంది కాబట్టి గుమ్మటం కింద దాని నీడ కూడా తలకిందులుగా కనిపిస్తుంది. గుమ్మటం, నీడ కలిసే చోటే అంచు. దాన్ని తప్పుగా గుర్తిస్తే తర్వాత ఎంత జాగ్రత్త పడినా లెక్క కుదరదు.

రెండు మిల్లీమీటర్ల కంటే చిన్న బొట్టు మీద భూమ్యాకర్షణ ప్రభావం స్వల్పం. అది గోళంలో ఒక ముక్కలా ఉంటుంది. అలాంటి బొట్టుకు కోణమానిని కూడా అక్కర్లేదు. ఎత్తు కొలవండి, అడుగు వెడల్పు కొలవండి. ఎత్తును వెడల్పులో సగంతో భాగిస్తే వచ్చేది స్పర్శకోణంలో సగానికి టాంజెంటు. ఒకటిన్నర మిల్లీమీటర్ల వెడల్పు బొట్టు ముప్పాతిక మిల్లీమీటరు ఎత్తు లేస్తే కోణం తొంభై డిగ్రీలు. అదే వెడల్పుకు ఎత్తు అందులో సగమే ఉంటే యాభై మూడు. పదో తరగతి త్రికోణమితి చదివిన పిల్లవాడు చేయగల లెక్క ఇది. 1940ల్లో అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో విలియం జిస్మన్ బృందం టెలిస్కోపుకు కోణమానిని జతచేసి ఈ కొలతను ఒక క్రమశాస్త్రంగా మలిచింది. మూల సూత్రం మాత్రం ఇంతే.

అయితే ఒకే ఆకు మీద, ఒకే బొట్టుకు, కోణం ఒక్కటే రాదు. సూదితో నీరు ఎక్కిస్తూ పోతే అంచు ముందుకు జరిగేటప్పుడు ఒక కోణం. నీరు వెనక్కి లాగితే అంచు పట్టు విడిచే ముందు అంతకంటే చాలా తక్కువ కోణం. ఈ రెంటి మధ్య తేడా పెద్దదైతే బొట్టు పట్టుకుని కూర్చుంటుంది; చిన్నదైతే జారిపోతుంది. ఆకును వంచినా, తలకిందులు చేసినా కొన్ని బొట్లు రాలకపోవడానికి కారణం ఇదే. కాఫీ రైతుకు ఇది మామూలు సంగతి కాదు. తెగులు మొదలయ్యేది ఆకు అడుగున; అక్కడ నీరు వేలాడుతూ నిలవగలగడమే తెగులుకు ఊపిరి.

ఎందుకీ తేడా? తలం నున్నగా ఉండదు కాబట్టి. 1936లో వెంజెల్, గరుకుతనం తలం సహజ స్వభావాన్ని మరింత పెంచుతుందని చూపాడు: నీటిని ఇష్టపడే తలం గరుకైతే ఇంకా ఇష్టపడుతుంది, ఇష్టపడనిది ఇంకా దూరం పెడుతుంది. 1944లో కేసీ, బాక్స్టర్ ఇంకో అడుగు వేశారు. మిట్టల మధ్య గాలి చిక్కుకుపోతే బొట్టు సగం ఆకు మీద, సగం గాలి మీద కూర్చుంటుంది. ఆ దశకంలోనే ఇంగ్లండులో ఫాగ్ అనే వృక్షశాస్త్రవేత్త ఆకుల మీద స్పర్శకోణాలను వరసగా కొలిచి, జీవమున్న ఆకు మీద కోణం స్థిరంగా ఉండదని గమనించాడు. తామరాకు రహస్యం పూర్తిగా విప్పడానికి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కావలసి వచ్చింది. 1997లో జర్మనీకి చెందిన బార్త్‌లాట్, నైన్‌హుయిస్, ఆ ఆకు మీది సూక్ష్మమైన బుడిపెలను, వాటి మీద ఇంకా సూక్ష్మమైన మైనపు గొట్టాలను చూపి, బొట్టు దొర్లుతూ దుమ్మునూ శిలీంధ్ర బీజాలనూ ఊడ్చుకుపోతుందని నిరూపించారు. తామరాకు శుభ్రత ఒక రక్షణ కవచమని అలా తేలింది.

కాఫీ ఆకుకు అంత కవచం లేదు. పైభాగంలో నిగనిగలాడే అవభాసిని అనే మైనపు పొర, అడుగుభాగంలో పత్రరంధ్రాలు. అరబికా కాఫీలో ఈ రంధ్రాలు అడుగుభాగానికే పరిమితం. ఆకు ముదిరేకొద్దీ గాలి, దుమ్ము, వానల రాపిడికి మైనం అరిగి నీరు ఎక్కువ పరుచుకోవడం చాలా మొక్కల్లో కనిపించే మార్పు.

వానబొట్టు మిల్లీమీటర్లలో ఉంటుంది. మంచు తుంపర మిల్లీమీటరులో వందో వంతుకు అటూ ఇటూ. అంత చిన్న బొట్టును పక్క నుంచి చూసి కోణం తీయడం కష్టం. పై నుంచి చూడాలి. ఒకే రంగు కాంతిని పై నుంచి పంపితే, పల్చని బొట్టు పై పొర నుంచీ అడుగు పొర నుంచీ తిరిగొచ్చిన కాంతి కలిసి వలయాలు వలయాలుగా మెరుస్తుంది. పచ్చ కాంతిలో ఒక వలయం నుంచి పక్క వలయానికి నీటి మందంలో తేడా మిల్లీమీటరులో అయిదువేలవ వంతు. మ్యాపులో కొండ ఎత్తు గీతల్లాగే ఈ వలయాలు బొట్టు వాలును చెబుతాయి. దగ్గర దగ్గరగా ఉంటే నిటారు, ఎడంగా ఉంటే చదును. గాజు మీద ఈ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. గరుకైన ఆకు మీద వలయాలు చెదిరిపోతాయి. అక్కడ ఇంకో మార్గం ఉంది. మామూలు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో శూన్యం ఉండాలి కనుక నీరు నిలవదు. 1970ల చివర నుంచి ఆస్ట్రేలియాలో డానిలాటోస్ చేసిన కృషితో, గదిలో కొంత నీటి ఆవిరి ఉంచి కూడా చూడగల రకం వచ్చింది. ఆకు ముక్కను సున్నా డిగ్రీలకు కాస్త పైన చల్లబరిచి ఆవిరి పీడనం మెల్లగా పెంచితే, కళ్లముందే తుంపర పుడుతుంది. అది ఎక్కడ పుడుతుందో, ఏ రంధ్రం అంచున ఆగుతుందో, పక్క తుంపరతో ఎప్పుడు కలుస్తుందో చూడవచ్చు. రాత్రి తోటలో జరిగేది పగలు ప్రయోగశాలలో జరుగుతుంది.

ఆ రాత్రి తోటలో ఏం జరుగుతుందో చెప్పాలంటే సింహళానికి వెళ్లాలి. 1869లో బర్కిలీ, బ్రూమ్ అనే ఆంగ్ల శాస్త్రవేత్తలు అక్కడి కాఫీ ఆకులకు తుప్పు తెగులు తెచ్చే శిలీంధ్రానికి హెమీలియా వాస్టాట్రిక్స్ అని పేరు పెట్టారు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి ఆ దీవిలో కాఫీ సామ్రాజ్యం కూలి తేయాకు వచ్చింది. 1880లో హ్యారీ మార్షల్ వార్డ్ అనే యువ శాస్త్రవేత్తను అక్కడికి పంపారు. ఆయన తోటల్లో గాజుపలకలు పెట్టి గాలిలో ఎగిరే బీజాలను పట్టాడు; నీటిబొట్టులో వాటిని మొలకెత్తించి సూక్ష్మదర్శిని కింద గంటగంటకూ చూశాడు. ఆకు అడుగున నారింజ రంగు పొడిలా కనిపించేది ఈ బీజాలే. ఒక్కొక్కటి వెంట్రుక మందంలో సగానికి లోపు. ఒక పక్క నున్నగా, ఇంకో పక్క గరుగ్గా ఉంటుంది. గాలికో, వాన తుంపరకో ఆకు అడుగుకు చేరుతుంది. అక్కడ దానికి కావలసినవి మూడు: చీకటి, ఇరవై రెండు డిగ్రీలకు దగ్గరి చల్లదనం, కొన్ని గంటల పాటు ఆరని నీరు. ఆ గంటల్లో సన్నని మొలక వేసి, రంధ్రం వెతుక్కుని, లోపలికి దిగుతుంది. ఒకసారి దిగిందా, ఆకు పైనే నిలిచే మందు దాన్ని చేరదు. మధ్యలో నీరు ఆరిపోతే మొలక ఎండి చస్తుంది.

వార్డ్ 1882లో సింహళం విడిచి వచ్చేశాడు. తెగులు లోపలికి దిగకముందే ఆకును కాపాడాలని ఆయనకు స్పష్టంగా తెలుసు. దేనితో కాపాడాలో మూడేళ్లకు ఫ్రాన్సులో తేలింది. ఈ మూడేళ్ల ఎడం తలచుకున్నప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. బోర్డో ప్రాంతంలో దారి పక్క ద్రాక్షలను బాటసారులు కోసుకోకుండా మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవారు. ఆ తీగలకు తెగులు సోకలేదని ప్రొఫెసర్ మియార్డే గమనించి, 1885లో ప్రకటించాడు. అదే మన రైతులకు తెలిసిన బోర్డో మిశ్రమం.

కాఫీ మన కొండలకు వచ్చేసరికి సింహళం కథ ముగిసిపోయింది. 1898లో బ్రాడీ అనే ఆంగ్ల అధికారి పాములేరు లోయలో తొలి మొక్కలు నాటించాడని చెబుతారు. అక్కడి నుంచి గూడెం, చింతపల్లి, అనంతగిరి, అరకు. కర్ణాటకలోని బాలెహొన్నూరులో 1925లో మొదలైన పరిశోధన కేంద్రంలో విల్సన్ మేన్, తుప్పు శిలీంధ్రం ఒకే రకం కాదని, అందులో వేర్వేరు తెగలు ఉన్నాయని 1930ల్లో చూపాడు. తెగులును తట్టుకునే రకాల కోసం నేటికీ సాగుతున్న అన్వేషణకు అది పునాది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ గుర్తింపు వెనుక బగత, కొండదొర, వాల్మీకి, కోటియ, పోర్జా, గదబ కుటుంబాల చిన్నచిన్న తోటలున్నాయి. ఎకరమో రెండెకరాలో ఉన్న కుటుంబానికి ఒక చెడ్డ ఏడాది అంటే ఏమిటో ఈ సభలో ఉన్నవారికి నేను చెప్పక్కర్లేదు.

బోర్డో మిశ్రమాన్ని అర శాతం గాఢతలో, అంటే వంద లీటర్లకు అరకిలో మైలుతుత్తం, అరకిలో సున్నం కలిపి, వానలకు ముందు ఒకసారి, వెనక ఒకసారి, ఆకు అడుగు తడిసేలా చల్లాలన్నది మన రైతులు చాలాకాలంగా వింటున్న సలహా. ‘అడుగు తడిసేలా’ అన్న ఆ రెండు మాటల్లోనే స్పర్శకోణం శాస్త్రమంతా ఇమిడి ఉంది. తుంపర కోణం నూట ఇరవై డిగ్రీలు ఉన్నప్పుడు కప్పే చోటెంతో, అదే తుంపర ముప్పై డిగ్రీలకు దిగితే దానికి అయిదు రెట్లకు మించి కప్పుతుంది. మందు పెరగలేదు, నీరు పెరగలేదు, ఖర్చు పెరగలేదు, కోణం తగ్గిందంతే. మరీ తగ్గితే ఇంకో ప్రమాదం: పక్కపక్క తుంపరలు కలిసిపోయి, పొరగా మారి, ఆకు కొన నుంచి కారిపోతాయి. వీపున డబ్బా మోసి కొండవాలున చల్లిన శ్రమ నేలపాలవుతుంది, రాగి మట్టిలో చేరుతుంది. మంచి కోణమంటే అతి తక్కువ కోణం అని అనుకోకూడదు. అది ఎంత ఉండాలన్నది కొలిస్తేనే తెలుస్తుంది.

కారకుండా నిలిచిన బొట్టు కూడా ఆరేటప్పుడు ఒక పని చేస్తుంది. ఒలికిన కాఫీ బొట్టు ఆరిపోతే నడుమ పల్చగా, అంచున చిక్కగా వలయం మిగులుతుందని మీ అందరికీ తెలుసు. 1997లో షికాగోలో డీగన్, ఆయన సహచరులు దాని కారణాన్ని వివరించారు. బొట్టు అంచు తలాన్ని పట్టుకుని కదలకపోతే, అంచు దగ్గర నీరు వేగంగా ఆవిరవుతుంది. ఆ లోటు పూడ్చడానికి నడుమ నుంచి నీరు అంచుకు ప్రవహిస్తూ రేణువులను మోసుకుపోతుంది. మైలుతుత్తం సున్నపు రేణువులకు కూడా ఇదే గతి పట్టే అవకాశం ఉంది. చూడటానికి ఆకు నీలిచుక్కలతో నిండుగా ఉంటుంది. ఒక్కో చుక్క నడుమ మాత్రం, తుప్పు బీజం దిగడానికి చాలినంత చోటు ఖాళీగా ఉండవచ్చు. మామూలు సూక్ష్మదర్శిని, నలభై రెట్ల కటకం ఉంటే ఈ సంగతి నిజమో కాదో మన తోటల్లోనే తేల్చుకోవచ్చు.

బొట్టును ఆకు మీద నిలిపే విద్య నేడు ప్రపంచమంతా వెతుకుతున్న విద్య. అమెరికాలోని ఎంఐటీలో కృపా వారణాసి, మహేర్ దమాక్ తదితరులు 2016లో ఒక చక్కని మార్గం చూపారు. వ్యతిరేక విద్యుదావేశాలున్న రెండు పదార్థాలను వేర్వేరు తుంపరలుగా చల్లితే, అవి ఆకు మీద కలిసినచోట సూక్ష్మమైన పట్టు ఏర్పడి, ఎగిరిపోవలసిన బొట్టు ఆగిపోతుంది. మూలసూత్రం మళ్లీ అంచుదే.

మన కొండల్లో ఈ పనికి ఒక పాత చుట్టం ఉంది: కుంకుడు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ సంతల్లో గిరిజనుల దగ్గర కొనే అటవీ ఫలసాయంలో కుంకుడుకాయ కూడా ఒకటి. అందులోని సపోనిన్లు నీటి తలతన్యతను, అంటే నీటికీ గాలికీ మధ్య ఉండే ఆ బిగువును, తగ్గిస్తాయి. మామూలు సబ్బు బోర్డో మిశ్రమానికి పనికిరాదు. సున్నంలోని కాల్షియంతో కలిసి విరిగి తెట్టు కడుతుంది. కుంకుడు కఠిన జలంలో కూడా నురుగునిస్తుందని మన ఇళ్లలో ఆడవాళ్లకు తరతరాలుగా తెలుసు. అయితే తెలిసినదానికీ, నిరూపించినదానికీ మధ్య ఒక నిచ్చెన ఎక్కాలి. ఎంత కుంకుడు రసం కలిపితే కాఫీ ఆకు అడుగున కోణం ఎంత దిగుతుంది? వాన పడితే ఆ రాగి నిలుస్తుందా, నురుగుతోపాటే కొట్టుకుపోతుందా? తడి పెరిగి తెగులుకే మేలు చేస్తుందా? ఈ ప్రశ్నలకు కొలవకుండా జవాబు చెప్పడం రైతు పట్ల అన్యాయం. కుంకుడు మనదన్న అభిమానం ఒక్కటే చాలదు.

గిరిజనుల చేతుల్లో తలాల గురించిన జ్ఞానం చాలా ఉంది. విస్తరికి అడ్డాకును ఎంచడంలో, వెదురు చట్రంలో ఆకులు పేర్చి గిడుగు అల్లేటప్పుడు వాన జారిపోయేలా వరస తిప్పడంలో, ఏ ఆకు మీద నీరు నిలుస్తుందో ఏ ఆకు మీద జారుతుందో తెలిసిన కళ్లు పనిచేస్తాయి. ఆ కళ్లను శాస్త్రానికి ఆధారంగా తీసుకోవాలి, అలంకారంగా కాదు. ఒక ముసలి రైతు ‘ఈ మడిలో ఆకు పెందరాళే ఆరదు’ అన్నాడంటే, పరికరం మొదట పెట్టవలసిన చోటు అదే.

తడిని గంటల్లో కొలవడం వల్ల రైతుకు ఒరిగేదేమిటని అడిగేవారికి ఆపిల్ తోటల చరిత్ర ఉంది. 1940ల్లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన మిల్స్, ఆపిల్ మచ్చ తెగులుకు ఒక పట్టిక తయారుచేశాడు. ఫలానా ఉష్ణోగ్రతలో ఆకు ఇన్ని గంటలు తడిగా ఉంటే తెగులు అంటుతుంది, అంతకంటే ముందే ఆరితే అంటదు. అంతే పట్టిక. దానితో రైతు తేదీని బట్టి కాక, తడిని బట్టి మందు చల్లడం నేర్చాడు. అవసరం లేని పిచికారీలు తగ్గాయి. అరకు కాఫీ పేరు నిలిచింది రసాయనాల మీద ఆధారపడని సాగు మీద. అలాంటి చోట ప్రతి పిచికారీనీ లెక్కగా వాడుకోవడం గౌరవానికి సంబంధించిన విషయం కూడా. ఆకు తడిని గుర్తించే విద్యుత్ పలకలు నేడు దొరుకుతున్నాయి. మంచివే. కానీ అవి తాము తడిశాయో లేదో చెబుతాయి. ఆ పలక కాఫీ ఆకు కాదు. పలక చెప్పే గంటలను ఆకు మీది బొట్టుతో సరిచూసే పని సూక్ష్మదర్శినిదే.

దీనికి పెద్ద ప్రయోగశాల కోసం ఎదురుచూడనక్కర్లేదు. తలతన్యత శాస్త్రాన్ని మలుపు తిప్పిన వారిలో ఆగ్నెస్ పోకెల్స్ అనే జర్మన్ మహిళ ఉన్నారు. విశ్వవిద్యాలయంలో చదివే అవకాశం లేక, వంటింటి తొట్టెలో నీటి మీద కొలతలు చేశారు. భౌతికశాస్త్రవేత్త లార్డ్ రేలీకి ఆమె రాసిన ఉత్తరాన్ని ఆయన 1891లో ‘నేచర్’ పత్రికలో అచ్చు వేయించారు. 2014లో స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాష్ బృందం కాగితం మడతలతో చేసిన సూక్ష్మదర్శిని ఫోల్డ్‌స్కోప్‌ను ప్రకటించింది. ఫోను కెమెరాకు చిన్న కటకం అతికించినా బొట్టు నీడ చిత్రం దొరుకుతుంది. కొలబద్ద కోసం పక్కన తెలిసిన మందం ఉన్న తీగ ముక్క పెడితే సరి.

ఈ లోయలోని ఉన్నత పాఠశాలలకు, కళాశాలలకు, ఆర్.వి.నగర్‌లోని కాఫీ పరిశోధన కేంద్రానికి నాదొక వినతి. వచ్చే వానల ముందు మొదలుపెట్టి మరుసటి ఫిబ్రవరి దాకా, ఒకే తోటలో రెండు చోట్ల, దట్టమైన నీడలో ఒకటి, పల్చని నీడలో ఒకటి, లేత ఆకు, ముదురు ఆకు, రెండింటి పైభాగం, అడుగుభాగం మీద కోణాలు కొలవండి. కొలిచిన ప్రతి ఆకునూ ఫొటో తీసి ఉంచండి. అంచు ముందుకు జరిగినప్పటి కోణం, వెనక్కి వచ్చినప్పటి కోణం విడివిడిగా రాయండి. ఒకే ఆకు మీద కనీసం అయిదు బొట్లు పెట్టి సగటు తీయండి. అయిదూ ఒకేలా రాకపోతే భయపడి కొట్టేయకండి, ఆ తేడాను కూడా రాసి ఉంచండి. కుళాయి నీటితో కాక వాననీటితో చేయండి. మే నెల ఆకుకూ సెప్టెంబరు ఆకుకూ అడుగుభాగం కోణంలో తేడా ఎంత, ఆ తేడా వచ్చాక ఎన్నాళ్లకు తొలి నారింజ మచ్చ కనిపించింది అన్నది తేల్చగలిగితే, రెండో విడత మందు ఎప్పుడు చల్లాలో క్యాలెండరుకు బదులు ఆకునే అడిగి తెలుసుకోవచ్చు. మొదటి ఏడాది లెక్కలతో అది తేలకపోవచ్చు. రెండు మూడు కాఫీ కాలాలు వరసగా చేయవలసిన పని. దానికి కావలసిన సూదులు, కటకాలు, శిక్షణ సమకూర్చడంలో నా వంతు సాయం చేయడానికి సిద్ధంగా ఉన్నాను. సభ ముగిశాక ఉపాధ్యాయులు ఎవరు ముందుకు వచ్చినా, ఏ తోటలో మొదలుపెట్టాలో ఇక్కడే కూర్చుని నిర్ణయించుకుందాం.